చెయ్యి బయటపెట్టి దారిచ్చిన రోజులు

పాత ఐదో నంబరు హైవే మీద లోడు లారీ వెనక ఇరుక్కున్న వాళ్లెవరికైనా ఒక చెయ్యి గుర్తుండే ఉంటుంది. కుడివైపు కిటికీ మీద మోచెయ్యి ఆనించి, ఖాకీ చొక్కా పైకి మడిచి, మణికట్టుకి తాయెత్తో రాగి కడియమో వేసుకున్న చెయ్యి. లారీ డ్రైవరు ముందు అరచెయ్యి కిందికి తిప్పి, లేచే దుమ్ముని అణిచినట్టు రెండు మూడుసార్లు ఆడించేవాడు. ఆగు అని. కల్వర్టు దాటేది, ఎదురొచ్చే ఎర్రబస్సు దాటేది, సైకిలు మీద పాలక్యాన్ల మనిషి దాటేవాడు. అప్పుడా చెయ్యి బారుగా చాచి, వెనక నుంచి ముందుకి నెమ్మదిగా ఒక ఊపు ఊపేవాడు. ఇక పో అని.

ఇది డ్రైవర్లు సొంతంగా పుట్టించుకున్న భాషేం కాదు. 1989 నాటి రోడ్డు నియమాల్లో కుడిచేతి సైగలన్నీ రాసిపెట్టే ఉన్నాయి. వేగం తగ్గిస్తుంటే అరచెయ్యి కిందికి తిప్పి పైకీ కిందికీ ఆడించాలి. ఆగుతుంటే ముంజెయ్యి నిటారుగా ఎత్తాలి. కుడికి తిరుగుతుంటే చెయ్యి అడ్డంగా చాచాలి. ఎడమకైతే చాచిన చేతిని గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. ‘నన్ను దాటి వెళ్లు’ అనడానికి చాచిన చేతిని అర్ధవృత్తంలో వెనక్కీ ముందుకీ ఊపాలి. లైసెన్సు పరీక్షకి మిగతా నాలుగూ బట్టీ పట్టి, ఆ చివరిదాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. రోడ్డు మీద రోజూ పనికొచ్చింది మాత్రం అదే.

ఆ చెయ్యి లోపలికి పోయిందంటే దానికీ ఒక అర్థం ఉండేది. ముందు మలుపు కనపడటం లేదు, నా పూచీ లేదు, నీ ఇష్టం అని. మంచి డ్రైవరు అనుమానంగా ఉన్నప్పుడు చెయ్యి ఊపేవాడు కాదు. వెనకవాడు ఎంత హారన్ కొట్టినా సరే. తొందరపడి ఊపితే వెనక ఉన్నది కారో, ఇంకో లారీయో, లేచే శక్తి ఎంతో ఊపినవాడికి తెలియదు కదా. అంచేత అనుభవం ఉన్నవాళ్లు ముందువాడు ఊపినా ఒక చక్రం మందం కుడికి జరిగి, తమ కళ్లతో చూసుకునే కదిలేవాళ్లు.

ఇప్పటి నాలుగు లైన్ల మీద పెరిగినవాళ్లకి ఇదంతా ఎందుకో అర్థం కావాలంటే రోడ్డు వెడల్పు చెప్పాలి. రెండు లైన్ల తారు అంటే ఏడు మీటర్లు. లారీ బాడీ రెండున్నర మీటర్లు. రెండు లారీలు ఎదురుబడితే మిగిలేది రెండు మీటర్లు. ఆ రెండు మీటర్లలోనే అంచున నడిచే మనుషులూ, గేదెలూ, సైకిళ్లూ. లోడు లారీ నలభై మీద పోతోంది, వెనక లారీ యాభై మీద దాన్ని దాటాలి అనుకోండి. రెండు బళ్ల పొడవులూ, ముందూ వెనకా ఉంచాల్సిన ఖాళీలూ కలిపితే దాదాపు యాభై మీటర్లు ఎక్కువ పోవాలి. గంటకి పది కిలోమీటర్ల తేడాతో ఆ యాభై మీటర్లు కలిసిరావడానికి పద్దెనిమిది సెకన్లు పడుతుంది. ఈలోగా దాటేబండి 250 మీటర్లు నడుస్తుంది. ఎదురొచ్చేదీ యాభై మీదే ఉంటే అదో 250. అంటే అర కిలోమీటరు ఖాళీ కనపడాలి. చింతచెట్ల వరసల మధ్య అంత దూరం కనపడటం గగనం.

అందుకని దారివ్వడం అంటే చెయ్యి ఊపి ఊరుకోవడం కాదు, యాక్సిలరేటరు మీద కాలు ఎత్తడం. నలభైలో పోయేవాడు ముప్పైకి తగ్గితే తేడా ఇరవై అవుతుంది. పద్దెనిమిది సెకన్లు తొమ్మిదవుతాయి, కావలసిన అర కిలోమీటరు పావు అవుతుంది. ఆ పద్ధతి తెలిసిన డ్రైవరు చెయ్యి ఊపుతూనే పొగ తగ్గించేవాడు. వెనకవాడికి అదే అసలు గుర్తు. తెలియనివాడు, లేక పంతం పట్టినవాడు, పక్కకి బండి రాగానే కాలు ఇంకాస్త తొక్కేవాడు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే అక్షరాలా అదే.

ఎడమవైపు క్లీనరు రాజ్యం. డ్రైవరుకి ఎడమ వెనక చక్రం ఎక్కడుందో సగం క్లీనరు చెప్పాల్సిందే. తలుపు రేకు మీద ఒక దెబ్బ ఆగమని, రెండు దెబ్బలు పోనిమ్మని. బస్సులో కండక్టరు గంట లెక్క కూడా అదే. “రానీ రానీ, ఇంకా జాగా ఉంది, రానీ గురువుగారూ” అని గొంతు చించుకునేవాడు క్లీనరు. ‘రానీ’ల మధ్య ఎడం తగ్గిందంటే జాగా అయిపోతోందని లెక్క.

మార్జిన్ దిగడం, అంటే తారు వదిలి పక్క మట్టి మీదకి దిగడం, ఒక విద్య. ఎవరు దిగాలన్నది రాయని చట్టం. ఖాళీబండి దిగాలి, లోడుబండి తారు మీదే ఉండాలి. మర్యాద కోసమే కాదు, దీనికి కారణం మట్టిలో ఉంది. గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి మార్జిన్లు ఎండాకాలం రాయిలా ఉంటాయి. ఒక్క వాన పడితే వెన్నముద్దే. రెండిరుసుల లారీ లోడుతో చట్టం ప్రకారమే 16.2 టన్నులుండేది, అందులో వెనక ఇరుసు మీదే 10.2. ఓవర్‌లోడు లెక్క వేరే. అంత బరువుతో ఎడమ చక్రాలు దిగితే తిరిగి ఎక్కవు, బండి అటే ఒరుగుతుంది. మిర్చి బస్తాలు గానీ పత్తి బోరాలు గానీ ఎత్తుగా పేర్చిన బండి అయితే సరాసరి బోల్తాయే.

దిగిన చక్రం తిరిగి ఎక్కించడంలో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. తారు అంచు జానెడు ఎత్తున తెగి ఉంటుంది. వేగం తగ్గించకుండా స్టీరింగు కొంచెం కొంచెం కుడికి తిప్పితే టైరు పక్క అంచుకి రాసుకుంటూ పోతుంది తప్ప ఎక్కదు. ఇంకాస్త తిప్పుతాడు. ఒక్కసారిగా ఎక్కేస్తుంది, అప్పటికే స్టీరింగు బాగా కుడికి తిరిగి ఉంది గనక బండి సరాసరి ఎదురొచ్చే వరసలోకి దూకుతుంది. ముందు కాలు ఎత్తి, బండిని పది పదిహేను మీదకి తెచ్చి, అంచు తక్కువున్న చోటు చూసి, కాస్త ఎక్కువ కోణంలో ఒకేసారి ఎక్కించాలి. అది నేర్పేవరకూ చాలామంది గురువులు శిష్యుడికి లోడుబండి స్టీరింగు ఇచ్చేవాళ్లు కాదు.

ఇక ఇండికేటర్లు. నా మటుకు రోడ్డు మర్యాద చెడటం వీటితోనే మొదలైంది. చేతి సైగలో ‘నేను కుడికి తిరుగుతున్నా’ వేరు, ‘నువ్వు కుడినుంచి పో’ వేరు. కుడి దీపానికి ఆ తేడా లేదు. కొందరు కుడి ఇండికేటరు వేసి ‘దాటిపో’ అంటారు, కొందరు అదే వేసి ‘రాకు, ఎదురు బండి ఉంది’ అంటారు, కొందరు నిజంగానే కుడికి తిరుగుతారు. ఎడమ ఇండికేటరు వేసి కాస్త ఎడమకి జరిగితే పొమ్మని అర్థం, అది నయం. కుడి దీపం చూసి మాత్రం ఎప్పుడూ దాటకూడదు, దాని వెనక చెయ్యి కనపడితే తప్ప.

రాత్రిళ్లు భాషంతా డిప్పర్‌దే, అంటే పెద్ద లైటుని దించి డిమ్ చేసే స్విచ్చుదే. లారీల వెనక ‘రాత్రి డిప్పర్ వాడండి’ అని రాయించేది అందం కోసం కాదు. ఎదురు లారీ దీపాలు విడివిడిగా రెండుగా కనపడేసరికి ఎవరో ఒకరు ముందు డిమ్ చేసేవాళ్లు. రెండోవాడు చేయకపోతే ఒకసారి పైకి కొట్టి దించి గుర్తుచేసేవాళ్లు. అప్పటికీ వినకపోతే తిట్టుకుంటూ తమది డిమ్ములోనే ఉంచి, చూపు ఎడమ అంచు మీద పెట్టి పోయేవాళ్లు. పంతానికి ఇద్దరూ పెద్ద లైటు వేసుకుంటే రోడ్డు మీద గుడ్డివాళ్లు ఇద్దరవుతారు. ఎద్దుబళ్ల వరస ఎదురైతే తప్పనిసరిగా దించాలి. బండివాడు నిద్రపోతుంటాడు, దారి చూసుకునేది ఎద్దులు. కళ్లలో వెలుగు పడితే అవి ఎటు బెదురుతాయో చెప్పలేం. బండి ఇరుసు కింద వేలాడే లాంతరే వాళ్లకున్న టెయిల్ లైటు. చీకట్లో అది చక్రం ఆకుల మధ్య నుంచి వెలుగుతూ ఆరుతూ కనపడేది. తారు మీద ఊగే ఆ ఆకుల నీడ ఒక్కోసారి లాంతరు కంటే ముందే కంటబడేది.

ఘాట్లలో ఎక్కే బండిదే దారి. గువ్వలచెరువు ఘాటైనా, నంద్యాల గిద్దలూరు మధ్య నల్లమలైనా, మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే దారైనా ఇదే పద్ధతి, చట్టమూ అదే చెబుతుంది. దిగేవాడు ఆగితే మళ్లీ కదలడానికి బ్రేకు వదిలితే చాలు. ఎక్కేవాడు ఆగితే బ్రేకు మీది కాలు యాక్సిలరేటరు మీదకి మారేలోగా బండి వెనక్కి జారుతుంది, క్లచ్చి కాలుతుంది. క్లీనరు చెక్క దిమ్మ పట్టుకుని వెనక చక్రం పక్కన పరుగెత్తాలి. తిరుమలకి 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కే దారి, దిగే దారి వేరై అక్కడ ఈ తగువు తీరింది.

దిగేటప్పుడు పాత సూత్రం ఒకటే: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఇంజను పట్టు లేకపోతే బరువంతా బ్రేకు లైనింగుల మీదే పడుతుంది. డ్రమ్ము కాలి, వేడికి వ్యాకోచించి లైనింగుకి దూరమవుతుంది, లైనింగు పట్టు చచ్చిపోతుంది. కాలిన వాసన వచ్చేసరికి పెడల్ కిందికి పోతుంది. అప్పుడు గేరు వేద్దామన్నా పళ్లు కలవవు. ఆ వాసన వచ్చే బండి వెనక ఉన్నవాళ్లు హారన్ కొట్టకుండా దూరం పెంచుకుని, ఎదురొచ్చేవాళ్లకి దీపాలతో హెచ్చరిక ఇచ్చేవాళ్లు.

అసలు మర్యాద అంతా బయటపడేది ఒక లారీ ఇంకో లారీని లాక్కెళ్లేటప్పుడు. హైదరాబాదు వైపు టోచన్ అనేవారు. దారిన పోయే బండి ఏదైనా ఆగి గొలుసు ఇచ్చేది. పేరూ ఊరూ అడిగేవాళ్లు కాదు, డీజిలు డబ్బులు మాత్రం అడిగేవాళ్లు. అప్పుడు అమల్లో ఉన్న 1989 నియమాల ప్రకారం రెండు బళ్ల మధ్య ఐదు మీటర్లకి మించి ఎడం ఉండకూడదు, గంటకి 24 కిలోమీటర్లు దాటకూడదు. వెనకబండి సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి, తాడో గొలుసో అందరికీ కనపడేలా చేయాలి. వెనకబండి వీపు మీద ‘ఆన్ టో’ అని తెల్లటి పలక మీద నల్లటి అక్షరాలు, ఒక్కోటి 75 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ పలక కంటే సుద్దముక్క రాతా, వెనక దోపిన వేపకొమ్మా కనపడటమే ఎక్కువ.

గొలుసు ఎక్కడ తగిలిస్తారన్న దగ్గరే సగం పని తెలిసిపోతుంది. బంపరుకి కడితే బంపరు ఊడి చేతికొస్తుంది. ముందు ఇరుసుకి చుడితే బ్రేకు పైపు నలుగుతుంది. ఛాసిస్‌కి ముందు ఉండే టోయింగ్ పిన్నుకే తగిలించాలి. గొలుసు మధ్యలో తడిపిన గోనెసంచి ఒకటి చుట్టి, దాని మీద ఎర్రగుడ్డ కట్టాలి. దీనితో రెండు పనులు. సాయంత్రం మసక వెలుతురులో రెండు లారీల మధ్య ఖాళీ ఉందనుకుని సైకిలువాడో స్కూటరువాడో దూరబోతాడు, గొలుసు కనపడక దానికి తగులుకుంటాడు. ఆ ఎర్రగుడ్డ అతనికోసం. ఇక గొలుసు తెగితే ఆ తెగిన కొస కొరడాలా వెనక్కి లేచి అద్దం మీదకి వస్తుంది. గోనె బరువు దాన్ని కిందికి పడేస్తుంది.

బయలుదేరేటప్పుడు ముందుబండి ఫస్టు గేరులో, సగం క్లచ్చి మీద, గొలుసు నేల మీంచి లేచి బిగిసేవరకూ పాకాలి. అక్కడ ఒక్క క్షణం ఆపి, అప్పుడు లాగాలి. ఒక్క ఊపున లాగితే కొక్కెం విచ్చుకుంటుంది, లేదంటే లింకు తెగుతుంది. తర్వాత దారంతా గొలుసుని బిగువుగా ఉంచే బాధ్యత వెనకవాడిది. ముందువాడు వేగం తగ్గించే ముందు చెయ్యి చూపిస్తాడు, వెనకవాడు బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనిస్తాడు. ముందువాడే మొదట బ్రేకు కొడితే గొలుసు వదులై చక్రం కిందికి పోతుంది, లేదా వెనకబండి వచ్చి ముందుబండి డాలాకి, అంటే వెనక తలుపుకి, గుద్దుతుంది. బ్యాటరీ చచ్చిన బండికి హారనూ ఉండదు, అందుకని ముందు లారీ డాలా మీద క్లీనరు వెనక్కి తిరిగి కూర్చునేవాడు. వాడి చెయ్యే హారను.

దూరం లాగాలంటే గేరుబాక్సు సంగతి చూడాలి. న్యూట్రల్‌లో ఉంది కదా అనుకుంటారు. చక్రాలు తిరిగితే మెయిన్ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, ఇంజను ఆగి ఉంటే కింది లేషాఫ్టు తిరగదు. ఆయిల్ని పైకి చిమ్మేది ఆ లేషాఫ్టు పళ్లే. అది తిరగకపోతే పై బేరింగులు ఎండిపోయి కాలతాయి. నాలుగైదు కిలోమీటర్లయితే సరే, విజయవాడ ఆటోనగర్ దాకా పోవాలంటే గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి పోయే ప్రొపెల్లర్ షాఫ్టుని బోల్టులు విప్పి దించేయాలి. లేదా యాక్సిల్ షాఫ్టులు లాగి, ఆయిల్ కారకుండా, దుమ్ము పడకుండా హబ్బులకి గుడ్డ కట్టాలి. షాఫ్టు విప్పే పని తప్పించుకుందామనుకుని గేరుబాక్సు పోగొట్టుకున్న యజమానులు తక్కువేం లేరు.

ఎయిర్ బ్రేకులు వచ్చాక గొలుసుతో లాగే కాలం పోయింది, పోవడమే మంచిది. ఇంజను ఆగితే కంప్రెసరు ఆగుతుంది, నాలుగుసార్లు పెడల్ తొక్కేసరికి ట్యాంకులో గాలి తగ్గుతుంది. గాలి బాగా పడిపోతే స్ప్రింగు బ్రేకులు వెనక చక్రాల్ని పట్టేస్తాయి. ముందుబండి నుంచి గాలి పైపు వేయాలి, లేదా బ్రేకు ఛాంబరు వెనక బోల్టు తిప్పి స్ప్రింగుని వెనక్కి లాగి ఉంచాలి. అలా చేస్తే ఆ చక్రాలకి పార్కింగు బ్రేకు ఉండదు, గాలీ లేకపోతే కాలి బ్రేకూ ఉండదు. అలాంటి బండిని గట్టి ఇనుప రాడ్డుతోనే లాగాలి.

ఇలా కట్టిన జంటని దాటేవాడికి తెలియాల్సింది దాని పొడవు. ఎనిమిదీ ఐదూ ఎనిమిదీ, ఇరవై మీటర్ల పైమాటే. వెనకబండిని దాటగానే ఎడమకి దూరిపోయేవాడు ఆ ఎర్రగుడ్డని చూసి ఉండడు. అందుకే వెనకబండి డ్రైవరు దాటేవాడికి చెయ్యి ఊపి, వేళ్లు రెండు చూపించేవాడు. ముందు ఇంకొకటి ఉంది అని.

బండి ఆగిపోయినప్పటి రాళ్ల సంగతి చెప్పకపోతే ఈ జ్ఞాపకం అబద్ధం అవుతుంది. కమాన్ కట్ట, అంటే స్ప్రింగు పట్టీల కట్ట, విరిగిందో, యాక్సిల్ తెగిందో, బండి ఉన్నచోటే నిలబడుతుంది. క్లీనరు దూకి మొదట చక్రానికి రాయి పెడతాడు, తర్వాత రోడ్డు మీద వరసగా తుమ్మకొమ్మలూ రాళ్లూ పెడతాడు. అంతవరకూ బాగానే ఉంది. మరమ్మతు అయ్యాక బండి కదులుతుంది, రాళ్లు అక్కడే ఉండిపోతాయి. ఇది బద్ధకం ఒక్కటే కాదు. ఎక్కుడు దారిలో కదిలిన బండిని మళ్లీ ఆపరు, క్లీనరు పరుగెత్తి ఎక్కాల్సిందే. రాయి తీయడానికి వెనక్కి వెళ్తే బండి పోతుంది. ఆ రాత్రే మోటారుసైకిలు మీద వచ్చేవాడికి నల్లటి తారు మీద నల్లటి రాయి కనపడదు. బుద్ధిమంతులు చెక్క దిమ్మకి తాడు కట్టి, రెండో కొస బాడీ కొక్కేనికి ముడేసేవాళ్లు. బండి కదిలితే దిమ్మ తాడు వెంట ఈడ్చుకుంటూ వస్తుంది, చదునులో ఆగినప్పుడు తీసి లోపల వేసుకోవచ్చు. పదడుగుల తాడు ఖరీదు అది. అయినా రాళ్లే ఎక్కువ కనపడేవి, ఇప్పటికీ కనపడతాయి.

ఎర్ర త్రికోణాలు వచ్చాయిగా అంటారు. బండి తోకకి పది అడుగుల్లో పెడితే అది అలంకారమే. గంటకి 90 కిలోమీటర్ల మీద వచ్చే కారు సెకనుకి పాతిక మీటర్లు వస్తుంది. యాభై మీటర్ల దూరంలో పెట్టినా ఆ కారుకి రెండు సెకన్లే. నాలుగు లైన్ల మీద నూరు మీటర్లకి తక్కువ పెట్టకూడదు. మిట్ట అవతల బండి ఆగితే మిట్టకి ఇవతల పెట్టాలి, మలుపులో ఆగితే మలుపు మొదట్లో.

ట్రాక్టర్ల తీరు వేరు. సంక్రాంతి ముందు వరిగడ్డి మోసే ట్రక్కు, అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి, రోడ్డుకి రెండువైపులా పొంగి ఉంటుంది. దాని లైట్లు గడ్డిలోకి పోతాయి. డ్రైవరుకి వెనక ఏముందో కనపడదు, ఇంజను మోతలో హారన్ వినపడదు. ఎంత కొట్టినా దండగే. గడ్డి మీద ఒక మనిషి పడుకుని ఉంటాడు, వాడు లేచి డ్రైవరుకి కేకేసి, మనకి చెయ్యి ఊపితేనే కదలాలి. ఉయ్యూరు, తణుకు వైపు చెరకు సీజన్లో రెండేసి ట్రక్కులు తగిలించుకుని పోయేవి. వెనక ట్రక్కు పాములా ఊగుతుంది, కొక్కెం పిన్నుకి అడ్డుపుల్ల పెట్టకపోతే గతుకులో పిన్ను ఎగిరి ట్రక్కు విడిపోతుంది. వెనక దీపాలు లేక, పాటల సీడీలు మూలపడ్డాక వాటిని డాలాకి తీగతో వేలాడదీశారు. మన హెడ్‌లైటు వెలుగులో అవి తళుక్కుమనేవి. రిఫ్లెక్టరంత నమ్మకం కాదు గానీ, ఏమీ లేనిదానికి నయం.

నాలుగు లైన్లు వచ్చాక పోటీ వేరయింది. అరవై మీద పోయే లారీని అరవైరెండు మీద పోయే లారీ దాటడం మొదలెడుతుంది. ఆ యాభై మీటర్లకి తొంభై సెకన్లు, ఒకటిన్నర కిలోమీటరు రోడ్డు. రెండు వరసలూ మూసేసి వెనక ఇరవై కార్లు. ఇక్కడ కూడా పాత మందే పనిచేస్తుంది. ఎడమ లారీ ఒక్క పది తగ్గితే ఆ తొంభై సెకన్లు పదిహేనుకి దిగుతాయి. తగ్గేవాళ్లు తక్కువ. లోడుబండికి ఆ పది మళ్లీ తెచ్చుకోవడానికి ఎంత డీజిలు కావాలో వాళ్లకి తెలుసు, కాబట్టి పూర్తిగా తప్పుపట్టలేం.

అప్పట్లో దాటాక ఇంకొక పని ఉండేది. పొడుగు లోడుతో దాటే లారీకి తన తోక అవతలి బండిని దాటిందో లేదో అద్దంలో, అందులోనూ రాత్రిపూట, తెలిసేది కాదు. దారిచ్చినవాడే చూసి, తోక తన ముందుకి పోయి ఎడం చాలినంత అయ్యాక, హెడ్‌లైటు ఒక్కసారి వేసి ఆర్పేవాడు. వచ్చెయ్ అని. ముందుబండి నెమ్మదిగా ఎడమకి జరిగేది. క్లీనరు ఎడమ కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, వెనక్కి చూసి, చెయ్యి ఒకసారి ఎత్తి లోపలికి పోయేవాడు.